గేటు పక్క బెంచీ

ఆపియా,
1984 ఆగస్టు 7

అత్తా,

మన దీవి నుంచి నువ్వు పంపిన చేమదుంపల మూట అందింది. లాంచీలో ఎవరో దాని మీద కూర్చుని వచ్చినట్టున్నారు, అడుగున నాలుగు నలిగాయి. మిగతావి బాగున్నాయి.

రేడియోలో బస్సు ప్రమాదం వార్త విని ఉంటావు. ఆ బస్సు మా డిపోదే. నేను అందులో లేను, కంగారు పడకు. కానీ దాన్ని పంపింది నేనేనని అంటున్నారు. ఇంకెవరో చెప్పేలోపు జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

పక్కన తెల్లరంగుతో 'పావురం' అని రాసి ఉండే నీలం బస్సు నీకు గుర్తుంది కదా, ఈస్టరుకు నువ్వు ఎక్కావు. శుక్రవారం మధ్యాహ్నం మెకానిక్ ఇయోసెఫో నా కిటికీ దగ్గరికొచ్చాడు. "పావురానికి బ్రేకు పట్టడం లేదు తెలేసియా. సామాను వచ్చేదాకా కదలనివ్వకు" అన్నాడు. నేను దాని తాళం మేకుకు తగిలించి ఉంచేశాను. ఏ బస్సు ఎటు వెళ్లాలో చెప్పడం, తాళాలివ్వడం నా పని. శనివారం పొద్దున చర్చి సభలకు జనం బాగా వచ్చారు. మేనేజరు హెర్మన్ నా గదిలోకి వచ్చి, మేకు మీది తాళం తీసి, డ్రైవర్ ఫిలెమొని చేతిలో పెట్టాడు. "బ్రేకుల్లేవు సార్" అన్నాను. "వాడు మెల్లగా దిగుతాడులే" అన్నాడు.

మెల్లగా దిగలేదు. కొండ మలుపులో బస్సు కాలవలో పడింది. ఎప్పటిలాగే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని నిండుగా ఉంది. సలెఆనా ఊరి లోసా అనే ఆమె ఒళ్లో ఎవరిదో బడిపిల్ల ఉంది. లోసా ఆ పిల్లను వదల్లేదు. పిల్లకు గీత కూడా పడలేదు. లోసాకు తొడ ఎముక విరిగింది.

సోమవారం నాటికి 'కిటికీ దగ్గరి అమ్మాయి పొరపాటు' అయిపోయింది. హెర్మన్ యజమానికి అల్లుడు, నేను ఎవరికీ ఏమీ కాను. వచ్చే నెల విచారణ ఉంది. తప్పు నాదని తేలితే ఉద్యోగం పోతుంది, పైగా పోలీసు కేసు. అప్పటిదాకా నేను రోజూ రావాలట, కానీ లోపలికి పోకూడదట. గేటు పక్క బెంచీ మీద, ఎండలో, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా కూర్చోవాలట. ఇది హెర్మన్ ఆజ్ఞ.

కూర్చుంటున్నాను. నేనే పని మానేస్తే పారిపోయానంటాడు.

గేటు ముందు కోకో, నూనెలో వేయించిన పానికేకే ఉండలు అమ్మే తాలిత తన బుట్ట తెచ్చి నా బెంచీ పక్కన పెట్టుకుంది. డ్రైవర్లు బస్సు తీసేముందు నా దగ్గరికొచ్చి, "నేను పడమటి దారిన పోతున్నా", "నేను మార్కెట్ కి" అని చెప్పి మరీ వెళ్తున్నారు. కిటికీలో ఇంకో అమ్మాయి ఉంది. హెర్మన్ చూస్తూనే ఉంటాడు. అయినా నాకే చెప్పి వెళ్తున్నారు.

మీరెవరూ రావద్దు. ఈ సంగతి ఎవరితోనూ మాట్లాడొద్దు. ప్రార్థన చేయండి, చాలు.

నీ తెలేసియా

•

సవాయీ,
ఆగస్టు 14

తెలేసియా, నా తల్లీ,

నిన్ను ఎండలో కూర్చోబెట్టాడా? మా ఇంట్లో పంది కూడా నీడలో పడుకుంటుంది. ఆ హెర్మన్ ని కన్నతల్లి బతికి ఉందా? ఉంటే ఆవిడ అడ్రసు పంపు, నాలుగు ముక్కలు రాస్తాను.

పంది అంటే గుర్తొచ్చింది. పాస్టరు గారి పంది మళ్లీ మన తోటలో పడింది. ఆయనకు చెబితే, "దేవుడి జీవి కదమ్మా" అన్నాడు. చేమదుంపలు ఎవరి జీవులు? ఆదివారం పాటలో నేను నోరు కదిపాను కానీ పాడలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

నీ ఉత్తరం మీ పెదనాన్నకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. హెర్మన్ గురించి ఒక్క మాట అనలేదు. "ఆ లోసా ఇంటికి ఎవరు వెళ్లారట?" అని మాత్రం అడిగాడు. ఉత్తరమంతా వెతికాను. హెర్మన్ పేరు ప్రతి మూలా ఉంది. లోసా ఇంటికి ఎవరు వెళ్లారో ఎక్కడా లేదు. ఇంటిపెద్ద అడిగిన మాట ఇది.

ఎవరు వెళ్లారో వెంటనే రాయి.

తాలితకు ఒక గంప సీమపనసకాయలు పంపుతున్నాను. నా పేరు చెప్పి ఇవ్వు. నువ్వు దాచుకోకు.

నీ వలాసి అత్త

మరిచాను: మీ అమ్మ అల్లిన సన్నచాపను పెట్టెలోంచి తీసి ఎండలో వేశాను. చెమ్మ వాసన పట్టింది.

•

ఆపియా,
ఆగస్టు 22

అత్తా,

లోసా ఇంటికి ఎవరూ వెళ్లలేదు. వెళ్లకూడదట. కంపెనీ లాయరు మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పాడు: పలకరించడానికి వెళ్లినా తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ నేను వెళ్లిన మరుక్షణం హెర్మన్ ఏమంటాడో నీకు తెలుసు.

మన ఇయోసెఫో విచారణలో నిజం చెబుతానన్నాడు. మరునాడే హెర్మన్ అతని చేతిలోంచి పానా లాక్కుని బస్సులు కడగడానికి వేశాడు. ఇరవై ఏళ్ల మెకానిక్ బకెట్టు పట్టుకుని తిరుగుతున్నాడు. నాకు ఏడుపొచ్చి క్షమించమన్నాను. "కడగడం నాకొచ్చులే. అబద్ధమే రాదు" అన్నాడు.

ఫిలెమొని మాత్రం తల వంచుకుని పోతున్నాడు. తాళం తీసుకున్నది అతని చెయ్యే. ఆరుగురు పిల్లలు. నేను అడగను, అతను చెప్పడు.

వాన పడితే డ్రైవర్లు బెంచీకి పైన టార్పాలిన్ కట్టారు. హెర్మన్ విప్పించాడు. మళ్లీ కట్టారు. విప్పించి, గదిలో పెట్టి తాళం వేశాడు. టార్పాలిన్ కు తాళం వేయగలిగిన మనిషి, ఆ శనివారం బ్రేకుల్లేని బస్సుకు వేయలేకపోయాడు! ఇప్పుడు వాన వస్తే తాలిత తన గొడుగు నా మీద పట్టి, తన తల మీద ఖాళీ బుట్ట బోర్లించుకుంటుంది. మొదటిరోజు నేను ఏడుస్తుంటే నా నోట్లో ఒక పానికేకే కుక్కింది. "తింటూ ఏడవలేవు పిల్లా. ఏదో ఒకటి చెయ్యి" అంది. సీమపనసకాయలు ఇచ్చాను. మీ అత్తకు చెయ్యి పెద్దది అంది.

చాప ఎండలో వేయడం మంచిదైంది. నవంబరులో బావ పెళ్లికి కావాలి కదా.

అత్తా, మళ్లీ చెబుతున్నాను. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడొద్దు.

నీ తెలేసియా

•

ఆపియా,
సెప్టెంబరు 4

అత్తకు,

మీరు చేసిన పని నాకు హెర్మన్ చెప్పాడు. మీరు కాదు, హెర్మన్.

ఈ నెలరోజుల్లో మొదటిసారి నా బెంచీ దగ్గర ఆగి నవ్వాడు. "మీ వాళ్లు ఒప్పేసుకున్నారటగా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు వివరంగా చెప్పాడు. పెదనాన్న, నువ్వు, ఇంకా మన ఇంటివాళ్లు నలుగురు, సలెఆనాలో లోసా వాకిట్లో సన్నచాప కప్పుకుని ఇఫోంగ చేశారని.

పెళ్లికనుకున్నాను ఆ చాప.

తప్పు చేసినవాడి ఇంటివాళ్లు చాప కింద తల వంచుకుని ఎదుటివాళ్ల వాకిట్లో మోకాళ్లూనడం అంటే ఏమిటో ఈ దేశంలో తెలియనివాళ్లెవరు? మనిషిని చంపినవాడి ఇంటివాళ్లు చేస్తారు ఇఫోంగ. నేనెవర్ని చంపాను? తప్పు నాది కాదని చెప్పడానికే కదా ఇన్నాళ్లూ ఎండలో మాడాను. మీరు ఒక్క పొద్దులో ఈ దేశానికంతా తప్పు నాదేనని చాటి వచ్చారు. లాయరు దాన్నే విచారణలో చెబుతాడట. "ఇక సాక్షులెందుకు?" అన్నాడట.

ఎవరినడిగి వెళ్లారు? రావద్దని రాశానా లేదా? రెండుసార్లు రాశాను.

తాలిత రెండు రోజులుగా నా మొహం చూడటం లేదు. ఇయోసెఫో బకెట్టు తీసుకుని అటు వైపు నుంచి తిరిగి పోతున్నాడు. నన్ను నమ్మిన నలుగురికీ అనుమానం పుట్టించారు. అదీ మీ చలవే.

తెలేసియా

•

సవాయీ,
సెప్టెంబరు 9

తెలేసియా,

నీ ఉత్తరం చేరింది. మీ పెదనాన్నకు చదివి వినిపించలేదు. ముసలాయన, ఈ వయసులో ఆయనకు ఇది వినాల్సిన అవసరం లేదు.

మాట్లాడొద్దన్నావు. మేం మాట్లాడలేదు. చాప కింద ఎవరూ మాట్లాడరు.

ఒప్పుకున్నామా? ఏం ఒప్పుకున్నాం? ఒక ఆడమనిషి పరాయి పిల్లను కాపాడి కాలు విరగ్గొట్టుకుంది. మీ డిపో బస్సులో. నెల గడిచినా మీ డిపో నుంచి ఒక్క పురుగు ఆ గడప దగ్గరికి పోలేదు. ఆ డిపో కూడు మన పిల్ల తింటోంది కాబట్టి ఆ బాధ్యత మన మీద పడుతుంది, అన్నాడు మీ పెదనాన్న. తప్పు ఎవరిదని ఆయన అడగలేదు. ఎవరు వెళ్లారని అడిగాడు. లాయరు చెప్పేదాకా ఆగడానికి మనం కంపెనీ కాదు.

ఇక ఏం జరిగిందో విను. హెర్మన్ నోట కాదు, నా నోట.

లాంచీ దిగి సలెఆనా బస్సు ఎక్కితే, దాన్ని నడుపుతున్నది మీ ఫిలెమొనియే. నాకు తెలియదు. చుట్టిన చాప చూశాడు, మీ పెదనాన్న మొహం చూశాడు. "మీరు తెలేసియా వాళ్లా?" అన్నాడు. ఛార్జీ తీసుకోలేదు.

మరునాడు తెల్లవారకముందే వాకిట్లో మోకాళ్లూనాం. వాళ్లకు రాళ్లు వేసే హక్కుంది, వేయలేదు. బయటికి రాకుండా ఉండే హక్కూ ఉంది. దాన్ని బాగా వాడుకున్నారు. ముందు ఒక కుక్క వచ్చి నా చెవి వాసన చూసి పోయింది. ఎండెక్కింది. చాప కింద ఆకుల్లో చుట్టిన చేపలా ఉడికాం. నేల తప్ప ఏమీ కనబడదు. వచ్చే కాళ్లు, పోయే కాళ్లు.

అప్పుడు కొన్ని కాళ్లు వచ్చి ఆగాయి, పోలేదు. వేళ్ల మధ్య నల్లటి గ్రీజు ఉన్న పాదాలు. వాటి వెనక పిండి మరకల గుడ్డ అంచు. ఆ వెనక రబ్బరు చెప్పులు, రెండడుగులు ఎడంగా. ఒక ఆడగొంతు నా చెవిలో, "అత్తా, కొంచెం జరుగు" అంది. జరిగాను. ముగ్గురూ చాప కిందికి దూరారు. ఫిలెమొని ముందురాత్రే ఇయోసెఫోకు, తాలితకు చెప్పాడట. వాళ్లు మన రక్తం కాదు తెలేసియా. మన ఊరు కాదు. వాళ్ల మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

లోసా అన్న బయటికొచ్చి చాప ఎత్తాడు. అందరం ఏడ్చాం, అది మామూలే. ఆయన ఒక్కొక్కరి మొహం చూసి, "వీళ్లలో బస్సు తోలినవాడెవడు?" అన్నాడు. ఫిలెమొని లేచాడు. తాళం ఎవరు చేతిలో పెట్టారో, నువ్వేమన్నావో, ఆయన ఏమన్నాడో, అన్నీ చెప్పాడు. చాప కిందినుంచి లేచినవాడు అబద్ధం చెప్పడు. లోసా అన్న చాప మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఇది కప్పుకోవాల్సిన తల వీటిలో లేదు. దొరికేదాకా నా దగ్గరుంటుంది" అన్నాడు.

ఈ సంగతి లాయరు చెవిన పడకూడదని మా అందరి దగ్గర మాట తీసుకున్నాడు. నీ మొహం చూస్తే తాలిత ఆపుకోలేక చెప్పేస్తుంది. అందుకే చూడటం లేదు. ఇప్పుడు నీకు రాసి నేను మాట తప్పాను. ఆ పాపం నీ కోపం లెక్కలోనే రాసుకో.

నా మోకాళ్ల సంగతి నువ్వు అడగలేదు కాబట్టి రాయను.

వలాసి

•

ఆపియా,
సెప్టెంబరు 21

గౌరవనీయులైన అత్తగారికి,

విచారణ ముగిసింది. ఏం జరిగిందో తెలుసుకునే హక్కు మీకుంది కాబట్టి రాస్తున్నాను.

ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. లాయరు లేచీ లేవగానే ఇఫోంగ సంగతి ఎత్తాడు. "ఈమె కుటుంబమే మోకాళ్ల మీద ఒప్పుకుంది" అన్నాడు. నేను అప్పుడు మిమ్మల్ని తలచుకున్నది ప్రార్థనలో కాదు.

లోసా అన్న లేచాడు. "నిజమే, వచ్చారు" అన్నాడు. చంకలోని చాప తీసి హెర్మన్ ముందు బల్ల మీద పెట్టాడు. "నాలుగు ఇళ్లవాళ్లు దీని కింద కూర్చున్నారు. తాళం ఇచ్చినవాడి కోసం మా వాకిలి ఊడ్చి ఉంచాం. ఆయనకు చాప లేక రాలేదేమోనని నేనే తెచ్చాను" అన్నాడు. హాల్లో నవ్వులు. బల్ల వెనక మధ్యలో ఉన్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. హెర్మన్ చాప వైపు చూడలేదు, అది పాము అయినట్టు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత ఫిలెమొని చెప్పాడు. ఇయోసెఫో చెప్పాడు.

తప్పు నాది కాదని తేల్చారు. కంపెనీకి జరిమానా. ఫిలెమొనికి ఒక నెల లైసెన్సు ఆపేశారు. ఇయోసెఫోకు మళ్లీ పానా వచ్చింది. నాకు కిటికీ వచ్చింది. హెర్మన్ కు మందలింపు. అంతే. అదే కుర్చీలో, అదే ఫ్యాను కింద ఉన్నాడు. ఎముక విరగ్గొట్టిన మాటకు మందలింపు, ఆ మాట విన్నవాడికి శిక్ష!

తాలిత నన్ను పట్టుకుని, "ఇన్నాళ్లూ కడుపు ఉబ్బి చచ్చాను పిల్లా" అంది. నేను ఆమెను అనుమానించినందుకు సిగ్గుపడ్డాను. మీ మీద కోపం మాత్రం పోలేదు. అది లోసా అన్న మంచివాడు కాబట్టి సరిపోయింది. కాకపోతే? నా పేరును నన్నడగకుండా పణం పెట్టారు.

చాప లోసా అన్న నా చేతికిచ్చాడు. భద్రంగా ఉంది.

ఇట్లు,
తెలేసియా

•

సవాయీ,
సెప్టెంబరు 28

గౌరవనీయులైన తెలేసియా గారికి,

'గౌరవనీయులైన' అట! 'మీరు' అట! నీ ముక్కు తుడిచిన చేతులివి. ఈసారి టైపు కొట్టించి పంపు, సంతకానికి స్టాంపు కూడా వేయించు.

కోపం ఉంచుకో. నీ హక్కు. అడగకుండా వెళ్లాం, నిజమే. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. అదీ నిజమే. మళ్లీ అలాంటిదే వస్తే మళ్లీ వెళ్తాం. అదీ రాసిపెట్టుకో.

నాకు మండుతున్నది వేరే. వాడు ఇంకా అక్కడే ఉన్నాడేమిటి? ఆ 'పావురం' ఎక్కడుంది? దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి వాడికి ఎంతసేపు పడుతుంది? మందలింపుతో మనిషి మారితే పాస్టరు గారి పంది ఈపాటికి దేవదూత అయ్యేది.

లోసాను చూడటానికి వెళ్లావా? ఇప్పుడు లాయరు లేడు కదా అడ్డం.

వలాసి

•

ఆపియా,
అక్టోబరు 10

అత్తా,

వెళ్లాను. తాలిత కోకో చెంబు పట్టుకుని తోడొచ్చింది. లోసా కాలికి కట్టుతో పడుకుని ఉంది. "మీ అత్తేనా కుక్కను తిట్టింది?" అని అడిగింది. చాప కింద ఎవరూ మాట్లాడరన్నావు! నువ్వు పళ్ల మధ్యనుంచి కుక్కను "పో పీనుగా" అన్నావని వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నారట. ఆమె కాపాడిన పిల్ల రోజూ బడి అయ్యాక వచ్చి మంచం పక్కన పాఠం చదువుకుంటోంది.

నువ్వు అనుకున్నదే అయింది. వచ్చే ఆదివారం పిల్లల పండగ, ఊరంతా తెల్లబట్టలు కొనడానికి మార్కెట్ కు వస్తోంది. నిన్న పొద్దున హెర్మన్ నా గదిలోకి వచ్చాడు. పావురం తాళం అదే మేకుకు ఉంది. కాలవలోంచి తీశాక ఇయోసెఫో దాన్ని బాగుచేశాడు కానీ బ్రేకు సామాను ఓడలో ఇంకా రాలేదు. హెర్మన్ చెయ్యి చాచాడు. నేను తాళం మీద అరచెయ్యి పెట్టాను.

"బ్రేకుల్లేవు సార్."

"మళ్లీ మొదలెట్టావా? బెంచీ మీదికి పో."

నా చేతికిందనుంచి తాళం లాక్కున్నాడు. నేను వెళ్లి కూర్చున్నాను. ఏడవలేదు. ఒళ్లంతా మంట, అంతే.

హెర్మన్ తాళం ఒక డ్రైవర్ కు ఇవ్వబోయాడు. అతను చేతులు వెనక్కి పెట్టుకుని, నడిచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంకొకడికి ఇవ్వబోయాడు. వాడూ వచ్చాడు. ఇయోసెఫో గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. లైసెన్సు లేని ఫిలెమొని, బకెట్టు కింద పెట్టి వచ్చాడు. కిటికీలో నా చోట కూర్చున్న ఆ అమ్మాయి కూడా వచ్చింది, ఆమె పేరు కూడా నేను ఇన్నాళ్లు అడగలేదు. బెంచీ నిండింది. నిండితే మనవాళ్లు ఆగుతారా? బస్సులో లాగే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. బస్సు కోసం వచ్చిన ఆడవాళ్లు, 'ఇక్కడేం జరుగుతోంది' అని అడిగి, విని, వాళ్లూ సంచులతో సహా ఎక్కేశారు. తాలిత నా ముందుకొచ్చి, "పిల్లా, కొంచెం జరుగు" అంది. జరగడానికి ఎక్కడుంది? నా ఒళ్లో కూర్చుంది.

హెర్మన్ తాళం పట్టుకుని ఆవరణ మధ్యలో నిలబడ్డాడు. ఇవ్వడానికి చెయ్యి లేదు. "లేవండి, అందర్నీ పీకేస్తా" అన్నాడు. బెంచీ మీది గుట్ట అడుగునుంచి ఒక గొంతు, "ముందు పైవాణ్ని లేవమనండి సార్, నాకు ఊపిరాడటం లేదు" అంది.

చివరికి ముసలి యజమాని కారు వచ్చింది. దిగి మమ్మల్ని చూశాడు. "ఎవరు మొదలెట్టారిది?" అన్నాడు. మేం మాట్లాడలేదు అత్తా. నువ్వు చెప్పినట్టే, ఒక్కరూ మాట్లాడలేదు. ఆయన పావురాన్ని చూశాడు, అల్లుడి చేతిలో తాళం చూశాడు. అది తీసుకుని ఇయోసెఫోకు ఇచ్చాడు. "సామాను వచ్చేదాకా నీ దగ్గరుంచు" అన్నాడు. క్షమాపణ లేదు. ఈ రోజు కూడా హెర్మన్ వచ్చాడు, అదే ఫ్యాను కింద కూర్చున్నాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. కానీ తాళాల గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు.

అందరూ దిగాక నేను లేవబోతే కాళ్లు లేవలేదు. తాలిత బరువు నీకు తెలియదు. నడుము నుంచి కిందికి నాది కాదన్నట్టు తిమ్మిరెక్కింది. ఇయోసెఫో ఒక చెయ్యి, ఫిలెమొని ఒక చెయ్యి పట్టి నిలబెట్టారు. పట్టుకుని నిలబడే, చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

నువ్వు మోకాళ్లూనింది నేల మీద, నేను కూర్చున్నది చెక్క మీద. కాసేపు. అదీ నాకోసం.

చాప శనివారం లాంచీలో నేనే తెస్తాను. కోపం కొంచెం మిగిలింది, అదీ తెస్తాను, ఎదురుగా తిట్టుకుందాం.

అత్తా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నీ తెలేసియా